నలభై మూడు చెట్ల పేర్లు

నూజివీడు,
12 మే 2026.

విశ్రాంత రాయబారి శ్రీ జయకర్ గారికి రామచంద్రరావు నమస్కారాలు. ఇక్కడ మేము కులాసా. మీ కులాసా పేపర్లో చూశాను. పాలస్తీనీయుల స్వయంనిర్ణయాధికారంపై మీ పుస్తకం మూడో ముద్రణకు వెళ్తోందట, జెనీవా సదస్సులో ఆవిష్కరణట.

మర్యాద అయిపోయింది. ఒకే హాస్టల్ గదిలో ఉన్నవాళ్ళం, ఇక నువ్వనే అంటాను.

1979 మే నెలలో మా మామిడితోటలో నువ్వు నబీల్ చేతిలో చెయ్యేసి ఒక మాట ఇచ్చావు. మన గదిలో మూడోవాడు, పాలస్తీనా కుర్రాడు. 1948లో నేలమట్టమైన తన తాతగారి ఊళ్ళో నలభై మూడు ఇళ్ళవాళ్ళ పేర్లు వీధి వరసన అతను చెబుతుంటే నేను రాశాను. అప్పుడు నువ్వు రాస్తున్న ఈ పుస్తకం చివరి పేజీ ఆ పేర్లదేనన్నావు. పుస్తకంలో అవి లేవు. ఒక తీర్మానంలో 'హక్కు' అనాలా, 'ఆకాంక్ష' అనాలా అని నీ తోటి దౌత్యవేత్తలు మూడు రోజులు తగువులాడిన వైనం మాత్రం రెండో ముద్రణలో ఇరవై పేజీలు పెంచావు.

పేర్లు వేరేచోట బతికాయి. మా కాపలాదారు చిన్నరాయప్ప ఆ రోజు పక్కనే కూర్చుని విన్నాడు. ఇక్కడ కాపలావాళ్ళు చెట్లను అంకెలతో గుర్తుపెట్టుకోరు, పేర్లు పెట్టుకుంటారు. అప్పుడే నాటిన చిన్నరసాల మొక్కలకు ఆ పేర్లే వరసగా పెట్టేశాడు. వాడు పోయాక కూతురు సీతారావమ్మ అలాగే పిలుస్తోంది. "అబూ సలీంగారు ఈ ఏడు పూత నిలపలేదండి" అంటుంది. కూలీలెవరూ నవ్వరు.

రెండున్నరేళ్ళుగా ఆ చెట్లు ఎండిపోతున్నాయి. చావాల్సిన వయసు కాదు. పురుగు లేదు, వేరుకుళ్ళు లేదు. మట్టి పరీక్ష చేయిస్తే ఏమీ తేలలేదు. ఒకటి, తర్వాత రెండు, తర్వాత మూడు. నబీల్ చెప్పిన వరస తప్పడం లేదు. నిరుడు సెప్టెంబరులో మరికొన్ని పడమటి దేశాలు పాలస్తీనాను గుర్తించిన వార్త చదువుతుంటే సీతారావమ్మ గుమ్మంలోకొచ్చి, "ఇరవయ్యోరు కూడా ఆకు రాల్చేశారండి" అంది. హనుమాన్ జంక్షన్ కలప అడితివాళ్ళు ఆ దుంగలు వద్దంటున్నారు. ఎందుకో చెప్పరు.

ఎండిన చెట్టును పేరుపెట్టి పిలిచి, చెప్పి కొట్టడం ఇక్కడి ఆనవాయితీ. మొన్న ఉదయం ముప్పై ఒకటో చెట్టు దగ్గర సీతారావమ్మ, "ఉమ్ ఖలీలమ్మా, కొట్టేస్తన్నాం తల్లీ, ఏమనుకోమాక" అని, ఎత్తిన గొడ్డలి కింద పెట్టేసింది.

"పలికిందండి" అంది.

ఎండిన చెట్టా అని అడిగాను.

"కాదండి, పక్కది. 'తర్వాత నేనేనా' అంటందండి."

అరబ్బీలోనా, తెలుగులోనా అని వెటకరించాను.

"వంతు అడగటానికి బాసెందుకండి? ఇన్ని పుస్తకాలు చదివారుగా, మీరే చెప్పండి జవాబు."

నవ్వుదామనే అటు తిరిగాను. గాలి లేదు. తోటంతా కదలకుండా ఉంది. ఆ ఒక్క చెట్టు ఆకులు మాత్రం అన్నీ నావైపే తిరిగి ఉన్నాయి.

నా దగ్గరున్న అప్పటి కాగితం ఏనాడో చెదలు తినేసింది. పేర్లన్నీ తెలిసింది సీతారావమ్మ ఒక్కదానికే, ఆమెకు రాయడం రాదు. చెట్టు చెట్టుకూ, మోడు మోడుకూ ఆగి ఆమె చెబుతుంటే మళ్ళీ రాశాను. ఆ జాబితా దీంతో పంపుతున్నాను. మూడో ముద్రణ ప్రెస్సుకు వెళ్ళేలోగా చివరి పేజీలో వేయించు. ఇంకా పన్నెండు చెట్లు పచ్చగా ఉన్నాయి.

ఇట్లు,
రామచంద్రరావు

తా.క.: నీకు తెలియని సంగతొకటి. 1981లో నువ్వు ఉద్యోగ శిక్షణకు వెళ్తూ ప్రూఫులు దిద్దమని నాకు అప్పగించావు. పేర్లు వాటిలో ఉన్నాయి. నువ్వు మాట తప్పలేదు. పదహారు పేజీలకొక ఫారం, ఆ లెక్కకు ఒక పేజీ ఎక్కువైంది, ఏదో ఒకటి తీసెయ్యమని బెజవాడ ప్రెస్సువాళ్ళు అన్నారు. ఆ పేర్లా, నేను రాసిన ముందుమాటా? ముందుమాట ఉంచాను. నువ్వే తీసేయించావని నబీల్‌కు ఉత్తరం రాశాను. మళ్ళీ అతని దగ్గర్నుంచి జాబు లేదు. కానీ నీ పేరుతో అచ్చయిన పుస్తకాన్ని నువ్వు ఒక్కసారి చివరిదాకా తిప్పి ఉంటే, ఆ పేజీ ఏదిరా అని అడిగేవాడివి. అడిగితే చెప్పేవాణ్ణి. నలభై ఐదేళ్ళు అడగలేదు. నేను ఇప్పటికీ తప్పుపట్టేది నిన్నే, జయకర్.