మా వాకిట్లో సిమెంటు పడకూడదు

విశాఖపట్నం, పెదవాల్తేరు, చర్చి వెనక సందులో కాపురముంటున్న, కీర్తిశేషులు ఫ్రాన్సిస్ గారి కుమారుడు, పోర్టు గుమాస్తా, యాభై రెండేళ్ల వయస్సు గల మద్దిల రత్నరాజు అనే నేను, తెలివి సరిగా ఉండగా, మనసు నిలకడగా ఉండగా, ఒకరిచేత రాయించకుండా స్వయంగా రాసుకుంటున్న వీలునామా ఇది. ఎవరి ఒత్తిడీ లేదు. నా భార్య ఫ్లోరెన్స్ ఒత్తిడి చేసిన మాట నిజమే గాని, అది రాయమని కాదు, మానమని. "పొట్టలో రాళ్లు తీయించుకోడానికి వీలునామా రాసే మనిషిని మిమ్మల్నే సూత్తన్నాను," అంటోంది.

వచ్చే బుధవారం ఆపరేషను. పెద్ద ప్రమాదం లేదని డాక్టరు అన్నాడు. ప్రమాదం లేదని ఎవరు చెప్పినా, ఎవరికి లేదు అని అడగడం నా అలవాటు. అడిగాను. డాక్టరు తరవాతి రోగిని పిలిచాడు.

చావు గురించి నాకు బెంగ లేదు. నా బెంగంతా మా వాకిలి గురించి. ఇంటి గోడకీ గేటుకీ మధ్య ఆరడుగుల వెడల్పున మట్టి ఉంది. ఆ మట్టిలోనూ, దాని చుట్టూ డబ్బాల్లోనూ, డ్రమ్ముల్లోనూ నా మొక్కలున్నాయి. నేను ఆసుపత్రి మంచమెక్కగానే దాని మీద సిమెంటు పోయించాలని మా బావమరిది జోజి కాచుకుని ఉన్నాడు. మా ఇంటి వెనక వాటాలోనే ఉంటాడు. ఆటోనగర్‌లో లేతు మిషను మీద పని. పనిలో వంక పెట్టలేం. ఏళ్ల తరబడి ఎదురుచూసి ఈ మధ్యే స్కూటరు సంపాదించాడు. దాని టైర్లకు బురద అంటకూడదట. "ఇంకా ఈ మట్టేటి బావా? ఊరంతా గచ్చులు సేయించుకుంతన్నారు," అంటాడు. ఊరంతా చేస్తున్నది తప్పని ముప్ఫై ఏళ్లుగా కరపత్రాలు వేస్తున్నవాడితో అనవలసిన మాటేనా ఇది?

కనుక:

1. సదరు వాకిలి, ఇంటితో సహా, నా తదనంతరం నా భార్య ఫ్లోరెన్స్‌కు సర్వహక్కులతో చెందవలెను. షరతు ఒక్కటే. ఆ మట్టిని సిమెంటుతో గాని, నాపరాళ్లతో గాని, ఇంకే నాగరికతతో గాని కప్పరాదు. సందులో వాన నీరు ఇంకడానికి మిగిలిన చోటు అదొక్కటే. మిగతా వాకిళ్ల నీళ్లన్నీ రోడ్డెక్కి, రోడ్డు మీంచి మా గుమ్మంలోకి వస్తాయి. ఎండాకాలం నూతిలో చుక్క లేదని గగ్గోలు పెట్టేదీ ఆ వాకిళ్లవాళ్లే. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత కూడా ఫ్లోరెన్స్‌దే. జోజితో నెగ్గగలిగితే ఆవిడే నెగ్గాలి. నెగ్గుతుందన్న నమ్మకం నాకు లేదు. తల్లి పోయాక వాణ్ని చంకనేసుకుని పెంచింది ఆవిడ.

2. డాల్డా డబ్బాలోని మల్లె మొక్క కూడా ఫ్లోరెన్స్‌కే. తినడానికి పనికిరాని మొక్కను పోషించడం జమీందారీ బుద్ధి అని నేను అచ్చువేసి పంచిన మాట వాస్తవం. అది క్రోటన్ల గురించి, పచ్చిక గురించి. నీళ్లు తాగి, ఎరువు తిని, ఊరికే నిలబడి చూసేవారిచేత మెప్పు పొందే జాతి అది. మల్లె అలాంటిది కాదు, పనిచేస్తుంది. ఆదివారం ఆవిడ మల్లెలు జడలో పెట్టుకుని ప్రార్థనకు బయలుదేరితే, చర్చిలో అడుగుపెట్టని నేను చర్చి గేటు దాకా దిగబెట్టి వస్తాను. ఇది రాజీ అని వాదించదలచిన మిత్రులు బుధవారం లోగా వచ్చి వాదించవలెను.

3. గోడ మీది బచ్చలి తీగ, వంగ కుండీలు జోజి భార్య జయమణికి. సముద్రపు గాలి కొట్టే చోట ఏ మొక్క పెట్టాలో తెలుసుకోకుండా జనం గులాబీలు కొంటారు. ఉప్పు గాలికి ఆకు మాడి అది చస్తుంది. వెళ్లి ఇంకోటి కొంటారు. నర్సరీవాడు బాగుపడతాడు. గాలికి ఎదురుగా మునగ, గోడ చాటున బచ్చలి, ఎండ పడే మూల వంగ అని నేను మొత్తుకుంటే విన్నది జయమణి ఒక్కతే. "కూసింత కోసుకుంతన్నాను అన్నయ్యగారూ," అని కేకేసి కొంగు నిండా కోసుకుపోతుంది. కోసిన కొద్దీ చిగురేసేది బచ్చలి. ఆవిడకు సరిగ్గా సరిపోతుంది.

4. డ్రమ్ములోని మునగ ఫ్లోరెన్స్‌కు. ఎదురింటి కామరాజు గారికి ఏమీ లేదు. ఆయన గోదావరి జిల్లా నుంచి స్టీల్‌ప్లాంటు ఉద్యోగానికి వస్తూ శకునాలన్నీ సామానుతో పాటు తెచ్చుకున్నారు. "ఇంటి ముందు మునగ అరిష్టమండీ రత్నరాజు గారూ," అని వచ్చిన రోజు నుంచీ చెబుతూ, నా ఆపరేషను సంగతి తెలియగానే "నే చెప్పలేదుటండీ," అన్నారు. ఆ చెట్టు కాయలు వారి సాంబారులో క్రమం తప్పకుండా ఉడుకుతున్నాయి. వారి పొట్టలో రాళ్లు లేవు. అరిష్టం చెట్టులో ఉండి కాయలోకి ఎందుకు రాలేదో చెప్పమని రాతమూలకంగా అడిగాను. సమాధానం రావలసి ఉన్నది.

5. జాలరిపేట నుంచి చేపలు తెచ్చే చిట్టెమ్మకు కుండీతో సహా కరివేపాకు మొక్క. మా గుమ్మంలో చేపలు కడిగిన నీళ్లు తీసుకెళ్లి మొక్కలకు పోసేది ఆవిడే. ఒకసారి పోసి పోసి టమాటా మొక్కను చంపింది. నిలదీస్తే, "నా నీళ్లకి కాదు బాబూ, నీ నోటికి సచ్చింది," అంది. ఈ సందులో నాతో సరిసమానంగా వాదించేది ఆవిడ ఒక్కతే కనుక ఈ గౌరవం.

6. కామరాజు గారిది తప్ప సందులో మిగతా ఇళ్లన్నిటికీ ఒక్కో డబ్బా పుదీనా. కిటికీలో పెంచడానికి చోటు లేదన్నవారికి రెండు డబ్బాలు.

7. జోజికి ఏ మొక్కా లేదు. ఇస్తే దాని మీద కూడా సిమెంటు పోస్తాడు.

8. ఇంతవరకు రాశాక వకీలు చెప్పిన ముక్క గుర్తొచ్చింది. సాక్షి సంతకం చేసిన మనిషికి గాని, ఆ మనిషి భార్యకు గాని వీలునామాలో రాసినది చెల్లదట. చూస్తే సందంతా నా వారసులే. వారసులు కానివారు ఇద్దరు, కామరాజు గారు, జోజి. గత్యంతరం లేక ఈ సాయంత్రం ఇద్దరినీ పిలిచాను. నా సంతకం వారి ఎదుటే చేశాను. "మీ మొక్కలొద్దు గానీండి, సంతకానికేముందండీ," అని కామరాజు గారు చదవకుండానే సంతకం చేశారు. జోజి మూడో అంశం దాకా చదివి, నవ్వుకుంటూ కలం అందుకున్నాడు. భార్య సంగతి కూడా వకీలు చెప్పాడని అప్పుడే నా నోట వచ్చింది. జయమణి విననే వింది.

"సంతకం ఎట్టీవంటే నా బచ్చలి పోతాది! రేపు కూరేటొండుతాను, నీ స్కూటరా?" అంది.

"గోడ మీద పాకే తీగకి ఇంత గోలేటే?" అన్నాడు జోజి.

"దాని మొదలు గోడలో ఉందేటి? మట్టిలో ఉంది. నువ్వు సిమెంటు పోసీసినాక ఎక్కడ్నుండి కోత్తాను?"

జోజి అక్క వైపు చూశాడు. ఎప్పుడూ ఆ చూపుకే ఆవిడ కరిగేది. ఫ్లోరెన్స్ వాడి చేతిలోంచి కలం తీసి బల్ల మీద పెట్టి, "ఎల్లి రెండు సెక్కలు తెచ్చుకోరా. సక్రాల కింద ఎట్టుకో," అంది. వాడు వెళ్లి, తెచ్చి, పెట్టాడు. మట్టి మీదే.  నేను ఒక్క మాటా అనలేదు. నేను అనకపోవడం రికార్డు కావలసిన విషయం కనుక ఇక్కడ రాస్తున్నాను.

9. రెండో సాక్షి కరువయ్యాడు. గుమ్మంలో కూర్చుని ఇదంతా వింటున్న చిట్టెమ్మ బుట్ట పక్కకు నెట్టి లేచింది. "నాకు రాసింది కొట్టీ బాబూ. నాను ఏలిముద్ర ఏత్తాను." కొట్టేస్తే మొక్క రాదని రెండుసార్లు వివరించాను. "తెలిసింది లేవయ్యా. సచ్చిపోయినోడి కరేపాకు నాకెందుకు? ఆస్పత్రి నుంచొచ్చి నీ సేత్తో ఇద్దువు గాని," అంది.

 కనుక అయిదో అంశం కొట్టివేయడమైనది. చదవడానికి వీలుగానే కొట్టాను. పక్కన పొట్టి సంతకం చేశాను. సదరు కరివేపాకు మొక్కను నేను స్వయంగా ఇంటికి వచ్చి ఇవ్వవలసి ఉన్నది.

విశాఖపట్నం
8 జూలై 1984

(సం.) మద్దిల రత్నరాజు

సాక్షులు:
1. (సం.) కామరాజు, స్టీల్‌ప్లాంటు ఉద్యోగి, ఎదురిల్లు
2. చిట్టెమ్మ, జాలరిపేట, ఎడమ బొటనవేలి ముద్ర (ముద్రకు అంటిన పొలుసు చేపది)