అటు మాట ఇటు రాదు

జులై 7, సోమవారం

ఆనకట్ట మీద గేట్ల గదికి మా ఆఫీసునుంచి కొత్త ఇంటర్నెట్ ఫోన్ పెట్టాం. పాత తీగ లైను మొన్ననే పీకేశారు. అక్కడ సెల్‌ఫోన్‌కి సిగ్నల్ రాదు. ఇక ఈ ఫోనే దిక్కు.

కాల్ కలిసింది. గంట మోగింది. ఎత్తారు. హలో అన్నాను. అంతే, ఇక చడీచప్పుడూ లేదు.

సాయంత్రం గేట్ల ఆపరేటర్ జీపులో దిగాడు. ఆఫీసంతా ఆయన్ని బాబాయి అంటాం. "నేను అక్కడ గొంతు చించుకుంటుంటే హలో హలో అంటావేమిటమ్మాయ్, చెవుడా?" అన్నాడు. నా మాట ఆయనకు వెళుతోంది. ఆయన మాట నాకు రావడం లేదు.

జులై 8

తప్పెక్కడో దొరికింది. కాల్ కలపాలా వద్దా అని చూసే సర్వర్‌ని గేట్‌కీపర్ అంటారు. అది శుభ్రంగా కలుపుతోంది. ఆ తర్వాత మాట వచ్చే దారుల్ని, అంటే పోర్టులను, మా నెట్‌వర్క్‌కి కాపలా ఉండే ఫైర్‌వాల్ మూసేస్తోంది. ఇటునుంచి పోనిస్తుంది, అటునుంచి రానివ్వదు. తెరవడం నిమిషాల పని. కానీ ఫైర్‌వాల్ నా చేతిలో లేదు, హెడ్డాఫీసు సెక్యూరిటీ వాళ్ళ చేతిలో ఉంది.

గేట్‌కీపర్ అన్న పేరు బాబాయికి అస్సలు నచ్చలేదు. గేట్లు ఇన్నాళ్ళూ చూసుకున్నది తనైతే మధ్యలో ఈ పెట్టె ఎవరని అడిగాడు.

జులై 9

సెక్యూరిటీ ఆఫీసర్ మర్యాదగానే మాట్లాడాడు. పోర్టులు తెరవాలంటే కమిటీ కూర్చోవాలట. అది నెలాఖరుకి కూర్చుంటుందట. అయినా కాల్ కలుస్తోంది కదా మేడమ్, రిపోర్టులో సక్సెస్ అనే పడింది అన్నాడు.

జులై 11

ఒక ఉపాయం తట్టింది. మాట రాకపోయినా అక్కడ నొక్కిన అంకె నా స్క్రీన్ మీద పడుతోంది. అంకెలు వచ్చే దారి వేరు. అందుకని ఒకటంటే అవును, రెండంటే కాదు అనుకున్నాం. భోంచేశారా అంటే ఒకటి. నా మీద కోపం తగ్గిందా అంటే రెండు.

జులై 14

సెక్యూరిటీ వాళ్ళకి మెయిల్ కూడా పెట్టాను. జవాబు లేదు.

జులై 17, పగలు పదకొండు

కుండపోత వాన. గేట్ల గదినుంచి కాల్. ఐదు. ఐదు. ఐదు. ఐదు. ఐదుకి మేం అర్థమే పెట్టుకోలేదు.

జులై 17, సాయంత్రం

 జరిగింది జరిగినట్టు రాసేస్తాను.

గేటు ఇరుక్కుందా అని అడిగాను. రెండు. దెబ్బ తగిలిందా? ఒకటి. మీకా? రెండు. అక్కడ బాబాయితో ఉండేది ఫిట్టర్ ఒక్కడే. ఆయనకా? ఒకటి, ఒకటి, ఒకటి.

అంబులెన్స్ వెంటనే బయల్దేరింది. దారిలో వాగు రోడ్డెక్కింది. బండి అక్కడే ఆగిపోయింది.

సెక్యూరిటీ ఆఫీసర్‌కి ఇంకో ఫోన్‌లో చెప్పాను. బతిమాలాను. తర్వాత అరిచాను. తనకు అధికారం లేదని, పైవాళ్ళు మీటింగ్‌లో ఉన్నారని అన్నాడు. 

డాక్టర్ని లైన్లోకి తెచ్చాను. రక్తం కారుతోందా? ఒకటి. కాలా? రెండు. పొట్టా? ఒకటి. ఎలా తగిలింది, ఎంత లోతు, ఊపిరి ఎలా ఉంది? వాటికి అంకెల్లేవు. గట్టిగా అదిమి పట్టుకోమన్నాడు. ఆపైన, నా కళ్ళకు గంతలు కట్టి వైద్యం చెయ్యమంటే ఎలాగమ్మా అన్నాడు.

ఫిట్టర్ భార్య మా వెనకవీధి కుట్టుషాపులో పనిచేస్తుంది. వాచ్‌మన్ వెళ్ళి పిలుచుకొచ్చాడు. టేపు ఇంకా మెడలోనే ఉంది. స్పీకర్ పెట్టి ఆయనకి వినిపించమని, ఆయన బదులు అంకెలు నొక్కమని బాబాయికి చెప్పి, ఫోన్ ఆవిడ చేతికిచ్చాను. ముందు తిట్టింది. వానలో పైకెక్కొద్దని చెప్తే ఎప్పుడైనా విన్నారా అంది. తర్వాత, వింటున్నారా అని అడిగింది. ఒకటి. మాట్లాడుతున్నారా? ఒకటి.

ఏమంటున్నారు?

స్క్రీన్ ఖాళీగా ఉండిపోయింది. ఆవిడ నా వైపు చూసింది. నాకు వినబడుతుంటే నేనే దాస్తున్నట్టు చూసింది.

అయినా మాట్లాడుతూనే ఉంది. వంటింటి కుళాయి కారడం మానిందని, పాపకి ఇంకో పన్ను ఊడిందని, వస్తే చూపిస్తుందట, దాచుకుని కూర్చుందని. మధ్యమధ్య, వింటున్నారా? ఒకటి. వింటున్నారా? ఒకటి. ఆ తర్వాతిసారి చాలాసేపు ఏమీ పడలేదు.  అప్పుడు పడింది ఒకటి.

నేను నమ్మలేదు. ఆవిడ నమ్మింది. మాట్లాడుతూనే ఉంది.

జులై 18

వాగు తగ్గింది. ఫిట్టర్‌ని తీసుకొచ్చారు. నిన్న మధ్యాహ్నమే పోయాడు.

జులై 19

పొద్దున్నే పోర్టులు తెరిచేశారు. కమిటీ కూర్చోలేదు. టెస్ట్ చేసి చెప్పండి మేడమ్ అన్నాడు సెక్యూరిటీ ఆఫీసర్. చేశాను. బాబాయి హలో అన్నాడు, పక్కగదిలోంచి అన్నట్టుంది. ఫోన్ చెవినుంచి తీసి బల్లమీద పెట్టాను. ఆయన హలో హలో అంటూనే ఉన్నాడు.

ఆగస్టు 4

ఫిట్టర్ భార్య వచ్చింది. ఆ రోజు ఆయన ఏమన్నారో బాబాయిగారిని అడగాలంది.

గేట్ల గదికి కలిపి, ఆవిడని నా కుర్చీలో కూర్చోబెట్టి, తలుపు వేసి బయటికి వచ్చేశాను. తలుపు అద్దంలోంచి కనిపిస్తోంది. మాట్లాడడం లేదు, వింటోంది. ఒకసారి పైకే నవ్వి, చేత్తో నోరు మూసుకుంది.

చాలాసేపటికి బయటికొచ్చింది.

లైను బాగుందండీ అంది.