మా నాన్న స్థిర నివాసం గురించి

జిల్లా కోర్టు పరిపాలనాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: దర్జీగా పనిచేసిన మా తండ్రి గారి వీలునామాను కోర్టు ధ్రువపరచాలని కోరే ప్రొబేటు అర్జీని ఈ కోర్టులోనే స్వీకరించుట గురించి.

ప్రొబేటు అర్జీ దాఖలైనట్టు ఈ నెలాఖరులోగా రసీదు చూపకపోతే, నాన్న కొట్టును వేరొకరికి కేటాయిస్తామని మార్కెట్ కార్యాలయం వారు తలుపుకు నోటీసు అంటించారు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. కొట్టు అమ్మకు చెందాలని నాన్న వీలునామా రాశారు. వారు కొట్టుకు సీలు కూడా వేసినందున అమ్మ కుట్టుమిషను కూడా లోపలే ఉండిపోయింది.

1. మా తండ్రి గారు వైద్యం నిమిత్తం నగరంలో నా అద్దె గదిలో ఉంటూ అక్కడే మరణించారు. స్థానిక చిరునామా తప్పనిసరి అని ఆస్పత్రివారు అన్నందున నా గది చిరునామా ఇచ్చాము. మరణ ధ్రువపత్రంలోనూ అదే ఎక్కింది.

2. అది చూసి తమ గుమాస్తా గారు అర్జీ తిప్పి ఇచ్చారు. "పోయింది అక్కడ, అర్జీ ఇక్కడా? చదువుకున్నదానివి, ఆ మాత్రం చూసుకోవద్దా అమ్మా?" అన్నారు. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేనే. అమ్మ పక్కనే ఉంది.

3. నగరం కోర్టుకు వెళ్ళాను. అక్కడి గుమాస్తా గారు, "మీ నాన్నకిక్కడ ఉన్నది మంచమొక్కటే కదమ్మా. మంచం వేసినచోటల్లా కాపురమైతే ఆస్పత్రే పెద్ద ఊరైపోవాలి" అన్నారు. నాకు నవ్వొచ్చింది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. చనిపోయిన చోటు లెక్కలోకి రాదని, అప్పటికి స్థిర నివాసమో, ఆస్తో ఉన్నచోటి కోర్టే వినాలని, అధికారం లేని కోర్టు ఇచ్చే ఉత్తర్వు రేపు చెల్లదంటే కొట్టు పోతుందని ఆయనే విడమరిచి చెప్పారు. మా ఇల్లు, కొట్టు రెండూ తమ కోర్టు పరిధిలోనివే.

4. ఇంటికొచ్చి చెబితే అమ్మ, "ఆయన ఇల్లెక్కడో ఆయన పెళ్ళాన్ని అడిగితే సరిపోయేదిగా" అంది. అడగవలసిందిగా ప్రార్థన.

5. నా గదిలో ఉన్నన్నాళ్ళూ నాన్న సంచీలో బట్టలు బయట సర్దుకోలేదు. చొక్కా తగిలించుకోవడానికి మేకు కొడతానంటే, "ఇంటికెళ్ళేవాణ్ణి, అద్దె గోడకు చిల్లెందుకే" అనేవారు. చివరిదాకా ఆ చొక్కా కుర్చీ మీదే ఉంది.

6. ఊరు విడిచి వెళ్ళే దర్జీ, కత్తిరించిన గుడ్డను మూటగట్టి మరో దర్జీకి అప్పగిస్తాడు. నాన్న అలా చేయలేదు. కొట్టులో బల్ల మీద కోటు గుడ్డ పరిచే ఉంది. అమ్మ కుడతానంటే, "దాని జోలికెళ్ళకు, నేనొచ్చి కుడతా" అని పైన కత్తెర పెట్టి బస్సెక్కారు. సీలు తీయించి చూస్తే తమకే తెలుస్తుంది.

కావున పై సంగతులు తమరు చిత్తగించి, అర్జీ స్వీకరించేలా ఉత్తర్వులు ఇప్పించ ప్రార్థన.

తమ విధేయురాలు,
దర్జీ గారి కూతురు

మరొక మాట: ఆ గుడ్డ ఎవరిదని తమరు అడగవచ్చు. నాదే. కాలేజీలో డిగ్రీ పట్టా తీసుకునే రోజు వేసుకోవాలని కత్తిరించారు. టేపు పెట్టలేదు, నన్ను చూసి గీసేశారు. తలుపు తెరిస్తే అమ్మ కుడుతుంది. ఎక్కడ కుట్టాలో నాన్న గీసిన సుద్ద గీతలే చెప్పాలి. వానలు పడుతున్నాయి, కొట్టులో చెమ్మ ఎక్కువ. దయచేసి ఇరవయ్యో తేదీలోగా జవాబు ఇప్పించండి.