మెడ పైన నాది, మెడ కింద నాది కాదు

పెనుకొండ రెవెన్యూ డివిజను అధికారి వారి సముఖమునకు, ధర్మవరంలో పట్టుచీరలు నేయు లింగప్ప భార్య యమున వ్రాసుకొను అర్జీ. 2007.

అయ్యా,

విషయం: నా ముఖమును పరాయి దేహమునకు అతికించిన స్టూడియో యజమాని నాగభూషణంపై కేసు పెట్టక, నాపై పెట్టుట గురించి.

1. డ్వాక్రా సంఘపు బ్యాంకు ఖాతా నిమిత్తం, భుజం నిండా కొంగు కప్పుకొని, ధర్మవరంలోని సదరు నాగభూషణం స్టూడియోలో ఫోటో తీయించుకొన్నాను. సదరు వ్యక్తి నా ముఖమును కంప్యూటరులో కత్తిరించి, ఒంటిమీద గుడ్డ నిలవని ఒక ఆడమనిషి బొమ్మకు అతికించి, హిందూపురంలో తాను తెరిచిన కొత్త దుకాణం ముందు నిలువెత్తు ఫ్లెక్సు కట్టినాడు. కింద 'డిజిటల్ ఆర్ట్' అని వేయించినాడు.

2. చీరలు అమ్మబోయిన నా భర్త అది చూచి వచ్చి, "నిన్ను హిందూపురంలో జూసినా" అన్నాడు. "నేనెప్పుడు పోతి హిందూపురానికి?" అన్నాను. నాటి నుండి నాతో మాటలు మానినాడు, నేను వడ్డించిన అన్నం ముట్టలేదు. మగ్గం ముందు ఏడుస్తున్న నన్ను చూచి మా అత్త కుళ్ళాయమ్మ, "పట్టు మీద కన్నీళ్లు పడితే మరక బోదు. లెయ్, వాన్ని అడుగుదాం పా" అన్నది.

3. ఇద్దరమూ హిందూపురం దుకాణానికి వెళ్లి వానిని అడిగితిమి. "మొగం ఒకటే నీదక్కా. ఒళ్లు ఇంటర్నెట్‌లోది. నీకేం నష్టం? చూసినోళ్లంతా బాగుండాదంటాండారు" అన్నాడు.

4. అక్కడి పోలీసు స్టేషనుకు పోతిమి. స్టేషను అయ్య ఫ్లెక్సు వద్దకు వచ్చి, అవసరమైన దానికన్నా ఎక్కువసేపు చూచి, "ఒళ్లు నీది కాదని నువ్వే చెప్తాండావు. ఇంక కేసు యాడుండాదమ్మా?" అన్నాడు.

5. అంతట నేను పెనుకొండలో ఇంకొక ఫ్లెక్సు దుకాణమునకు వెళ్లినాను. నాగభూషణం ఊరంతా పంచిన క్యాలెండరులో వాని ఫోటో ఉన్నది, దానినే ఇచ్చినాను. "ఆడమనిషి ఒళ్లు పెట్టేదా అక్కా?" అని, జరిగినదంతా విన్న దుకాణదారు అడిగినాడు. "వద్దు. ఆ ఒళ్లు యా తల్లి కన్న బిడ్డదో. ఆయమ్మను మళ్లీ బజార్లో నిలబెట్టను" అని చెప్పి, గోచీ పెట్టిన బొజ్జ మనిషిని గీయించి, వాని తల అతికించినాను. ఆయుధపూజ నాడు, వాని అత్తగారి తరపువారంతా వచ్చిన వేళ, వాని దుకాణానికి ఎదురుగోడపై కట్టినాను. కింద 'మొగం ఒకటే నాగభూషణానిది' అని వేయించినాను.

6. టెంకాయ కొట్టక మునుపే పోలీసులు వచ్చినారు. పరువు గల మనిషిని అవమానించినానని నాపై కేసు వ్రాసినారు. ఒళ్లు వానిది కాదని నేనూ చెప్పినాను. వినలేదు.

7. ఆ సాయంత్రమే వాడు నా బొమ్మ దించినాడు. తల్లిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చి, "తలెత్తుకోలేకుండా ఉండాను, దించేయక్కా" అని ఏడ్చినాడు. నాకు జాలి కలగలేదు. కడుపు నిండినది. నా భర్త ఇప్పుడు మాట్లాడుచున్నాడు. నేనే మాట్లాడుట లేదు.

కావున, నాపై ఉన్న కేసు వానిపైనా ఉండవలెను. నా బొమ్మ ఉండినచోటనే, అదే కొలతలో, వాని అసలు ఫోటోతో 'యమున ముఖము దొంగిలించినది నేనే' అని వాడు ఫ్లెక్సు కట్టవలెను. అంతవరకు ఎదురుగోడపై ఉన్నది దించను. ఆడదాని కోపమని పక్కన పెట్టక చిత్తగించవలెను.

అలా వ్రాయుట వాడుక గనుక,
తమ విధేయురాలు,
యమున

తా.క.: ఈ కాగితం చదివి తమ కచేరీలో ఎవరైనా నవ్వితే వారి ఫోటో ఒకటి పంపండి. పెనుకొండలో ఆ దుకాణం ఆదివారం కూడా తెరిచే ఉంటుంది.