చిట్టి కాళ్లకు కట్టిన బద్దలు

మద్రాసు,
బుధవారం

అక్కకి, నీ తమ్ముడు సూరి దండాలు. నేను కులాసా. అమ్మ దగ్గు తగ్గిందా? కళింగపట్నంలో గాలివాన అని విన్నాను, మనింటి పెంకులు ఎగిరిపోలేదు కదా? నా గురించి బెంగపడకు. ఇక్కడ ఎండ మండిపోతోంది. రోజూ సాంబారు తిని నోరు చచ్చిపోయింది, మన ఎండుచేపల పులుసు తిని ఎన్నాళ్లయిందో. మనసు విప్పి మాట్లాడే మనిషి లేడు. అయినా బాగానే ఉన్నాను.

ఆసుపత్రిలో ఎక్సరే ఫిలిములు కడగడమే నా పని. పిల్లల ఎముకల డాక్టరుగారు ముందుగా మణికట్టు ఫొటో తీయమంటారు. మంచి ఎముక చివర నున్నగా ఉంటుంది. మెత్తబడ్డ ఎముక చివర పాత చీపురులా రేగిపోతుంది. మొన్న కారు దిగిన ఒక పెద్దమనిషి పాపని తెచ్చాడు. రంగు తగ్గిపోతుందని రెండేళ్లు ఎండ తగలనివ్వలేదట, దాంతో ఎముకలు మెత్తబడిపోయాయి! ఇన్ని మేడలున్నా బుర్ర గుల్ల అని నవ్వుకున్నాను.

ఆ సాయంత్రమే నీ ఉత్తరం వచ్చింది. చిట్టి దొడ్డికాళ్లు ఊరి కంట పడకూడదని కొట్టుగదిలో ఉంచారా? ఎముకలు కట్టే ఆ నాటువైద్యుడు గురువులు దాని కాళ్లకి వెదురు బద్దలు బిగించాడా? పైగా బావ, "ఆడపిల్లే కదేటి, సీర కడితే ఎవలికి కనిపిస్తాది?" అన్నాడా? ఛీ! ఎద్దు కుంటితే నరసన్నపేట దాకా తోలుకెళ్లి మందు వేయించిన మహానుభావుడు, కన్నకూతురికి చీర చూపిస్తున్నాడా?

"సూరిగాడు సిన్నోడు, ఆడికేటి తెలుసు" అంటాడు. తెలీదు, అందుకే డాక్టరుగారిని అడిగాను. "మెత్తటి ఎముకకి బద్దలు బిగిస్తే విరుగుతుందయ్యా, ముందు విప్పమను. ఫొటో చూడందే ఏదీ చెప్పను. ఎముక మెత్తబడే జబ్బయితే ఎండ, చేపనూనెతో కుదురుతుంది. పుట్టుకతోనే ఎముకలు పొట్టివైతే మందు లేదు" అన్నారు.

అందరినీ తిడుతున్నాను గానీ, కిందటి సెలవుల్లో చిట్టి కాళ్లు చూడమని ఆ గురువుల్ని సైకిలెక్కించుకుని మనింటికి తెచ్చింది నేనే. రోజూ ఊరందరి పిల్లల ఎముకలు కడిగే వెధవని, మన పిల్ల మణికట్టు ఒక్కసారైనా పట్టి చూశానా? సిగ్గుతో చచ్చిపోతున్నాను అక్కా.

బావ ఊ అనేదాకా ఆగకు. ఇది చదవగానే కట్లు విప్పేసి చిట్టిని వాకిట్లో కూర్చోబెట్టు. చూసేవాళ్లు చూస్తారు. వచ్చే ఆదివారం దిగుతాను, చిట్టిని నాతో తీసుకొస్తాను. నాలుగు ఎండుచేపలు మూటకట్టి ఉంచు.

అమ్మకి దండాలు, పిన్నికి అడిగానని చెప్పు. చిట్టికి జబ్బే అయి ఉండాలని ముఖలింగేశ్వరుడికి మొక్కుకున్నాను. మేనకోడలికి జబ్బు ఉండాలని మొక్కిన మేనమామని ఎక్కడైనా చూశావా?

నన్ను దీవించు.
నీ తమ్ముడు,
సూరి