ఆఖరి రీలు

అక్కా,

నువ్వు మీ అత్తింట్లో కన్నుమూసి ఈపొద్దుకు ఏడాది. సిన్నప్పుడు మనం ఆదోనిలో సూసిన రాజకుమారి సినిమా ఎమ్మిగనూరు టెంటుకొచ్చింది. ఒక్కదాన్నే గడప దాటనియ్యరు కదా, మా అత్తతో పోయి సూస్తి.

అప్పుడు బండి కట్టాలని నాయన మనల్ని ఆఖరి రీలుకు ముందే లేపుకొచ్చినాడు. ఆ రాజకుమారి కోటగోడ దూకి, గుర్రమెక్కి పోయిందని దావ పొడుగునా నువ్వే సెప్తివి. ఇన్నేండ్లూ నిజమే అనుకొంటి.

అదేం లేదక్కా. పెండ్లి సేసి, లోపలికి తోలుకపోయి కోట తలుపులు మూసినారు. అందరూ సప్పట్లు కొట్టినారు.

మధ్యలోనే నిద్రపోయిన నా కూతురు, ఇంటికొస్తాంటే భుజం మీద లేసి, "కడాకు ఏమైందిమా?" అనింది.

"గోడ దూకి, గుర్రమెక్కి పోయింది," అంటి.

ముందు నడుస్తాండే మా అత్త నిలబడి, ఎనక్కి తిరిగి, "యాడికి పోయిందంటమ్మా?" అని మెల్లగా అడిగింది.

అది నువ్వు నాకు సెప్పనే లేదు కదక్కా.