ఒక్కటే బూజు, రెండు ఇళ్ళు

లచ్చమ్మా,

నా కోడిగీతల రాతను, తప్పులను నువ్వే సర్దుకొని చదువుకో.

తాండూరు నుంచి నా తమ్ముడు మల్లయ్య పంపిన మామిడి దూలం కుళ్ళినప్పుడు, "పున్నమికి కొట్టిన కట్టె గిది, కుళ్ళక ఏమైతది. తెలిసే పంపిండు" అన్నావు. నేనూ నమ్మాను. ఆనాటి నుంచి రెండు ఇళ్ళకు మాటల్లేవు.

మన దూలం ముక్కను తీసుకుపోయిన కాలేజీ అమ్మాయి మొన్న వికారాబాదులో మన ఇంటికి మళ్ళీ వచ్చింది. కట్టెను తినే బూజు మీద ఆమె చదువు. మన దూలంలోని బూజును, మల్లయ్య ఇంటి దూలంలోని బూజును ఒకే గాజు గిన్నెలో పెంచిందట.

"నిన్ను మల్లయ్య తోలిండా?" అని అడిగాను.

"నన్ను పురుగులు తోలినయ్ తాతా," అని నవ్వింది. "వేరేవేరే బూజులైతే నడుమ నల్లగీత గీసుకుంటయ్. గివి కలిసిపోయినయ్. రెండిండ్లల్ల ఉన్నది ఒక్కటే. చెట్టును తొలిచిన పురుగు మోసుకొచ్చింది, పున్నమి కాదు."

"వాని దూలం గూడ కుళ్ళిందా?"

"మీదానికంటే ముందే."

ఆ చెట్టు కట్టెనే వాడూ ఇంటికి వేసుకున్నాడు. మరి ఇన్నేళ్ళూ మనకెందుకు చెప్పలేదు? అది నాకింకా అనుమానమే. ఎల్లుండి నీ సంవత్సరీకానికి వస్తానని కబురు పెట్టాడు. ఎందుకు వస్తున్నాడో. నువ్వు కూర్చునే పీట వానికి వేయనా, వద్దా? జర తొందరగా జవాబు రాయి.